ముందోళ్ళ పిడికెడు

పంపకాల్లో రోలు పెద్దమ్మకు పోయింది,
రోకలి మాకొచ్చింది.
పంచినోళ్ళు పెద్దమనుషులు,
ఒక్కరూ ఎన్నడూ కారం దంచినోళ్ళు కాదు.

పదకొండేండ్లు
వాళ్ళ రోట్లో వాననీళ్ళు తాగిపోయినాయి పిచ్చుకలు.
మా రోకలి గోడకానుకొని నిలబడింది
పనిలేని అల్లుని మాదిరి.

అందుకే మాఘం దాటితే
రెండిండ్ల మిరపకాయలూ
జమ్మలమడుగులో జిలానీ మామ మరకే.

మిద్దె మీద నాపబండలు
పొద్దున తొమ్మిదికే కాలుతాయి.
వాటి మీద ఎండిన కాయను
చెవి కాడ పెట్టి ఆడిస్తే
గింజలు గలగలమనాల,
అప్పుడే అమ్మ ఒప్పుకుంటుంది.
తొడిమలు తీసేది నేను.
ఆ రాత్రి కండ్లు నులుముకుంటే
ఏడుపు నాది కాదు, కాయది.

అరచేతికి ఆముదం పూసుకొని
పెనం మీది కాయల్ని నిమురుతుంది అమ్మ,
నా తలకు పెట్టినంత పొదుపుగా.
ధనియాలు వేరే, జీలకర్ర వేరే.
మెంతులు ఎర్రబడీ ఎర్రబడకముందే దింపాల,
ఒక్క గడియ ఏమారితే
ఏడాదంతా చేదు తినాల.
రాళ్ళుప్పు. తెల్లగడ్డలు పొట్టుతోనే.
కొలతలేమని అడిగితే
“చేటకు తెలుసు” అంటుంది.

మర కాడ వరస డబ్బాలది, మనుషులది కాదు.
నూనె డబ్బా, పాలపొడి డబ్బా,
మూతలేని దానికి తువ్వాలు కట్టి.
మరకొక గుణముంది.
ఎవరిది పోసినా పిడికెడు
కడుపులో దాచుకుంటుంది,
వెనకొచ్చినోళ్ళకు ముందుగా అదే పెడుతుంది.
అందరూ అరుస్తారు,
“దులుపు మామా, ముందోళ్ళది రాకుండా!”
జిలానీ మామ కట్టెతో రెండు దెబ్బలేస్తాడు,
మూతికి కట్టిన గుడ్డలోంచి నవ్వుతాడు.
ఇనుము మాట వింటుందా.

ఆ యేడు మా ముందు డబ్బా ఎవరిదో
మేం చూసుకోలేదు.

పైపైది ఉగాదికి తిన్నాం,
నడిమిది వానలకు,
పుష్యంలో డబ్బా అడుగు గీకి
కందిపప్పులో వేసి, తిరవాత పెట్టి,
అమ్మ గంటె అంచు నాలిక్కి రాసుకొని
అట్లే ఆగిపోయింది.
“రాతిపువ్వు” అంది.
మా ఇంట్లో రాతిపువ్వు వాడరు.
ఇంకోసారి నాకి,
“ధనియాలు మాడనిచ్చింది. ఎప్పుడూ అంతే,
పొయ్యి మీద పెట్టి రేడియో వింటాంటుంది.”
పేరు పలకలేదు.
నాయన రెండో ముద్ద సంగటి పెట్టించుకున్నాడు
ఏమీ ఎరగనట్టు.
ఆ పూట పప్పుసట్టిని
ఆయనే వేలితో తుడిచినాడు.

మళ్ళా మాఘం. మళ్ళా మర.
అమ్మ డబ్బా చంకన పెట్టుకొని
వరసలో పెట్టకుండా నిలబడింది.
ఇద్దరికి దారిచ్చింది, ముగ్గురికిచ్చింది.
నాకు ఆకలేస్తాంది అన్నా వినలేదు.
ఓబుళమ్మ పెద్దమ్మ వచ్చి
తన పాలపొడి డబ్బా దించినాక
దాని వెనకనే, అంటీ అంటకుండా,
మాది దించింది.

పెద్దమ్మది అయిపోయింది.
జిలానీ మామ కట్టె ఎత్తినాడు.
“దులపొద్దులే మామా,
పొద్దుపోయింది” అంది అమ్మ.
అప్పటికి పొద్దున పది కూడా కాలేదు.

ఎర్రటి పొగ లేచింది.
అమ్మ తుమ్మింది. ఆపుకోలేక ఇంకోటి.
“నూరేండ్లు”
అని నోరు జారింది పెద్దమ్మ,
ఇటు తిరక్కుండానే.
తువ్వాలు ముడేసి, డబ్బా నడుముకెత్తుకొని
పెన్న గట్టు దిక్కు పోయింది.

అంతే. మాటలు కలవలేదు.
పెద్దమ్మ పోయినప్పుడు
అమ్మ వాకిలి దాకా పోయి వచ్చింది.

ఇప్పుడు కారం ఆడించేది నేను.
రోకలిని పెరటి తలుపుకు అడ్డం పెట్టుకున్నా,
గాలికి కొట్టుకోకుండా.
జిలానీ మామ కొడుకు కట్టె ఎత్తితే
వద్దంటాను.
పుష్యంలో డబ్బా అడుగు గీకేటప్పుడు
ముక్కు కాడ పెట్టుకుంటాను.

ఈ యేడు వాము వాసన.
ఎవరిదో.